మీల్స్ రెడీ! ఎవరికండీ?

తెలుగునాట ఎక్కడ రైలు దిగినా, ఎక్కడ బస్సు దిగినా ముందుగా కళ్ళబడే బోర్డు ఒకటుంది. "మీల్స్ రెడీ". నల్లపలక మీద సుద్దముక్కతో రాసినా, రేకు మీద ఎర్రరంగుతో రాసినా, ఇప్పటి ఫ్యాషను ప్రకారం మిణుకుమిణుకుమనే దీపాలతో రాసినా మాట మాత్రం మారలేదు. ఇంత ఆప్యాయమైన బోర్డు మన వూళ్ళల్లో ఇంకొకటి లేదంటాను. బ్యాంకువాడు "రెడీ" అనడు. ఆసుపత్రివాడు అనడు. ప్రభుత్వ కార్యాలయం సంగతి చెప్పనే అక్కర్లేదు. హోటలు ఒక్కటే, "వండి వుంచాను, రావయ్యా, కూర్చో" అంటుంది.

ఆ పిలుపులో "రావయ్యా" వుంది గాని "రావమ్మా" లేదు. నా పేచీ అంతా అక్కడే.

ముందే చెప్పేస్తున్నాను, నేను పెద్ద హోటళ్ళ గురించి మాట్లాడటం లేదు. తలపాగా చుట్టుకున్న మీసాలాయన సలాం కొట్టి తలుపు తీసే చోట్లు కావవి. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను దగ్గర బయల్దేరి, చౌరస్తా దాటి, బర్కత్‌పురా, నల్లకుంట, విద్యానగర్ మీదుగా యూనివర్సిటీలోకి ప్రవేశించి, ఆర్ట్స్ కాలేజీ ముందునుంచి తార్నాకలో తేలేదాకా రోడ్డుకి అటూ ఇటూ వుండే చవక హోటళ్ళ గురించి చెబుతున్నాను. ఇరాన్ దేశంలోని యజ్ద్ వైపు నుంచి బొంబాయి మీదుగా వచ్చిన కుటుంబాలు మనకి అలవాటు చేసిన ఇరానీ హోటళ్ళు, ఉడుపివారి ఇడ్లీ సాంబారు హోటళ్ళు, ఫీవర్ ఆసుపత్రి చుట్టుపక్కల టిఫిన్ సెంటర్లు, గ్రూప్ పరీక్షలకి కుస్తీపట్టే పిల్లలకోసం వెలసిన మెస్సులు, పొద్దువాలగానే మూకుడు ఎక్కించే మిర్చి బజ్జీల బళ్ళు. చేతిలో యాభై రూపాయలుంటే దొరలా తిని లేవగల చోట్లన్నమాట.

పాత పద్ధతి ఇరానీ హోటల్లో ఒక చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని గంటసేపు కూర్చున్నా లేవమనే నాథుడు లేడు. అలా కూర్చోవటమే అక్కడ అసలు సరుకు. చాయ్ దానిమీద వేసిన సుంకం. ఇల్లు ఇరుకైనవాడికి, ఉద్యోగం పోయినవాడికి, రైలు ఆలస్యమైనవాడికి, మాట్లాడే తోడు లేనివాడికి ఆ పాలరాతి బల్ల ఒక పడకకుర్చీ, ఒక లైబ్రరీ, ఒక కచేరీసావడి. ఊరు పేదవాడికి ఇచ్చిన హాలు గది అది.

మరి ఆ హాలు గదిలో ఎవరున్నారో ఒకసారి పొద్దున పదకొండు గంటలప్పుడు తొంగి చూడండి. రిటైరైన గుమాస్తాలు, ఆటో డ్రైవర్లు, ప్లాట్లు అమ్మిపెట్టే బ్రోకర్లు, సినిమా కథలు అల్లే కుర్రాళ్ళు, ఇంట్లో అలిగి వచ్చేసిన మామగార్లు. ఈ ఆఖరివాళ్ళని కాస్త గమనించండి. ఇంట్లో మాటామాటా వస్తే మామగారు చెప్పులేసుకుని హోటలుకి పోతాడు. ఒక చాయ్ తాగి, పేపరు తిరగేసి, చల్లబడి ఇంటికొస్తాడు. అత్తగారు ఎక్కడికి పోతుంది? గుడికి పోతుంది. గుడి కట్టేసే వేళైతే వంటింట్లోకే పోయి గిన్నెలు గట్టిగా పెడుతుంది. ఆవిడకి చల్లబడే చోటు ఈ వూళ్ళో ఎవరూ కట్టలేదు.

ఆడవాళ్ళు హోటల్లో అసలే లేరని కాదు. వెనకవైపు వున్నారు. ఉల్లిపాయలు తరుగుతూ వున్నారు, పిండి రుబ్బుతూ వున్నారు, ప్లేట్లు కడుగుతూ వున్నారు. ముందువైపు గల్లాపెట్టె దగ్గర వాళ్ళు కనబడటం అరుదు, బల్ల దగ్గర మరీ అరుదు. వండిపెట్టే ఆడదంటే మనకి ఎంత గౌరవమో! కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారు ఆకలన్న ప్రతివారికీ అన్నం పెట్టి 1909లో కన్నుమూస్తే, ఈనాటికీ ఆవిడ పేరు చెప్పి చేతులు జోడిస్తాం. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టింది. అదే ఏడాది మాదాపూర్ వైపు రోడ్డుపక్కన అన్నం పెట్టే కుమారి ఆంటీ బండి తీయమన్నారంటే ముఖ్యమంత్రిదాకా కదిలారు. మంచిదే. చెయ్యవలసిన మర్యాదలే. కాని వడ్డించే ఆడదానికి ఇన్ని దణ్ణాలు పెట్టే మనం, తినే ఆడది ఒంటరిగా కనబడితే మాత్రం కళ్ళు చిట్లిస్తాం. అడగనిదే అమ్మైనా పెట్టదని సామెత. బాగానే వుంది. అమ్మకి ఆకలేస్తే ఎవర్నడగాలో ఆ సామెత చెప్పదు.

ఇక ఆ "ఫ్యామిలీ రూమ్" సంగతికి వద్దాం. మన హోటళ్ళల్లో ఇంగ్లీషు మాటలు చాలా వున్నాయి గాని ఇంత తమాషా అయిన మాట లేదు. ఫ్యామిలీ అంటే కుటుంబం అని నిఘంటువులో వుంటుంది. మన వాడుకలో మాత్రం ఫ్యామిలీ అంటే భార్య. "మా ఫ్యామిలీ పుట్టింటికి వెళ్ళిందండీ, అందుకే హోటలు భోజనం" అంటారు ఆఫీసుల్లో. కాబట్టి ఫ్యామిలీ రూమంటే ఆడవాళ్ళ గది. మగవాడు ఒక్కడే వస్తే అతను కస్టమరు. ఆడదాన్ని వెంటబెట్టుకొస్తే ఇద్దరూ కలిసి ఫ్యామిలీ. మరి ఆడది ఒక్కతే వస్తే? అటు కస్టమరూ కాదు, ఇటు ఫ్యామిలీ కాదు. ఆవిడ పార్సిలు!

నవ్వకండి. కాచిగూడలోనే ఒక హోటల్లో, పేరు అనవసరం, మధ్యాహ్నం రెండింటికి ఆకలితో లోపలికి వెళ్ళాను. కింద ఆరు బల్లలు ఖాళీ.

"ఎంతమంది మేడమ్?" అన్నాడు సర్వర్ అబ్బాయి.

"ఒక్కదాన్నే."

"పార్సిలా?"

"కాదు నాయనా, ఇక్కడే తింటాను."

అతను నా భుజం మీదుగా వీధివైపు చూశాడు, వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. "ఫ్యామిలీ పైన మేడమ్. లేడీస్ పైన కూర్చోవాలి" అన్నాడు.

పైన కిటికీ లేదు. ఫ్యాను వుంది గాని తిరగదు. తెర వుంది, సాంబారు మరకలతో సహా. కింద పెనం మీద దోసె తిరగేసే చప్పుడు వినబడుతోంది. రోడ్డు కనబడదు, పక్క బల్లమీద పేపరు కనబడదు, ముఖ్యంగా సర్వర్ కనబడడు. రెండోసారి చట్నీ కావాలంటే తెర పక్కనించి చెయ్యి బయటికి పెట్టి వూపాలి, నీళ్ళల్లో మునిగిపోయేవాళ్ళు వూపినట్టు. ఆఖర్న బిల్లు వచ్చింది. అందులో మాత్రం తేడా లేదు. కింద కూర్చున్న మగవాడికెంతో నాకూ అంతే. రేటు దగ్గర పాటించిన ఆ సమానత్వం కుర్చీ దగ్గర ఎందుకు పాటించరో ఆ హోటలాయనే చెప్పాలి. ఆ అబ్బాయిని నేనేమీ అనను. పొట్టచేత పట్టుకుని ఎక్కడినుంచో వచ్చినవాడు. ఎవరో నేర్పిన పాఠం అప్పజెప్పాడు.

"అది మీ రక్షణ కోసమేనమ్మా" అంటారు పెద్దలు. తెరకి ఒకప్పుడు ఒక మేలు వుందని ఒప్పుకుందాం. ఘోషా పాటించే ఇళ్ళల్లోంచి వచ్చిన ఆడవాళ్ళు ఆ తెర వుండబట్టే హోటలు గడప తొక్కారు. పిల్లకి పాలివ్వాలన్నా, బురఖా తీసి నిదానంగా తినాలన్నా ఈరోజుకీ అది సదుపాయమే. కావాలన్నవారికి వుండనివ్వండి, పీకెయ్యమని నేననను. కాని సదుపాయం వేరు, శాసనం వేరు. కావలసినవాళ్ళు వెళ్ళే గది సదుపాయం. వద్దన్నవాళ్ళని కూడా నెట్టే గది చెరసాల. ఇంతకీ ఎవరినుంచి రక్షణ? కింద కూర్చున్నవాళ్ళనుంచేగా! వాళ్ళు అంత ప్రమాదకరమైనవాళ్ళైతే తెరకట్టి వాళ్ళనే పైన కూర్చోబెట్టవచ్చు కదా?

ఎక్కడ ఎవరు కూర్చుని తినాలన్నది ఈ దేశంలో చిన్న విషయం అని ఎవరూ అనకండి. ఊళ్ళల్లో టీ హోటళ్ళ ముందు దళితులకి వేరే గ్లాసు తగిలించిన చరిత్ర మనది. బ్రాహ్మణ భోజన హోటలని బోర్డులు కట్టుకున్న చరిత్ర మనది. అందుకే రాజ్యాంగం రాసినవాళ్ళు పెద్దపెద్ద సంగతుల మధ్య హోటలుని కూడా మరిచిపోలేదు. 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిన ఆ రాజ్యాంగంలో పదిహేనో అధికరణం తీసి చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు వీటిని బట్టి ఏ పౌరుడికైనా దుకాణాల్లోకి, రెస్టారెంట్లలోకి, హోటళ్ళలోకి వెళ్ళటానికి అడ్డంకి వుండరాదని రాసివుంది. బావుల పక్కన, చెరువుల పక్కన, స్నానఘట్టాల పక్కన హోటలు పేరు కూడా రాశారు. నీళ్ళు తోడుకునే చోటూ, కూర్చుని తినే చోటూ ఒక్కటే గౌరవానికి సంబంధించినవని వాళ్ళకి తెలుసు. ఇడ్లీ ప్లేటు కోసం కోర్టుకెక్కుదామని నేననటం లేదు. మెట్లెక్కించటం మానండి అంటున్నానంతే.

"హోటలు తిండి ఒంటికి మంచిది కాదు కదండీ!" ఇది రెండో బాణం. విచిత్రమేమిటంటే ఈ ఆరోగ్య సూత్రం ఆడది హోటలుకి బయల్దేరినప్పుడే జ్ఞాపకం వస్తుంది. నలభై ఏళ్ళు రోజుకి నాలుగు చాయ్‌లు, రెండు సమోసాల చొప్పున ఇరానీ హోటల్లో లాగించిన పెద్దమనిషి కూడా భార్య మిర్చి బజ్జీ అడిగితే నూనె గురించి ఉపన్యాసమిస్తాడు. కాగిన నూనెనే మళ్ళీ కాచటం చెడ్డదే, కాదనను. కాని ఆడవాళ్ళ ఆరోగ్యం గురించి నిజంగా బెంగ వుంటే తార్నాక దాకా వెళ్దాం రండి. అక్కడ జాతీయ పోషకాహార సంస్థ వుంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి జబ్బుమీద పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదు చేరిన సంస్థ. ఉస్మానియా యూనివర్సిటీ కూడా 1918లో పుట్టిందే. దేశమంతా ఏం తినాలో చెప్పే సంస్థ, చదువు చెప్పే సంస్థ ఒకే ఈడువై ఇరుగూ పొరుగూ అయ్యాయన్నమాట.

ఇప్పుడు ఒక లెక్క వినండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత వుందని తేలింది. అదే వయసు మగవాళ్ళలో నూటికి 25 మంది. నెలనెలా పోయే రక్తం, కాన్పులు ఒక కారణమే. కాని అందరికీ పెట్టి ఆఖర్న, గిన్నె అడుగున మిగిలిన కూరతో, ఒక్కోసారి పచ్చడి మెతుకులతో, నిలబడి తినటం కూడా కారణమే. ఈ యాభయ్యేడు మంది రక్తం మిర్చి బజ్జీ తాగెయ్యలేదండీ. ఇంటి తిండి గొప్పదనం ఎవరి వంతుకి ఎంత వచ్చిందో చూసి మాట్లాడాలి. హోటల్లో ఒక గుణం వుంది. అక్కడ ప్లేటు ముందు పెట్టేది కూర్చున్నవాళ్ళకి. ఆఖర్న తినాలనే నియమం అక్కడ చెల్లదు. వేడివేడి ఇడ్లీ తన ముందుకి ఇంకొకరు తెచ్చిపెట్టటం, అది చల్లారకముందే తినటం ఎంతమంది ఇల్లాళ్ళకి ఏడాదికి ఎన్నిసార్లు జరుగుతుందో ఎవరి ఇంట్లో వాళ్ళు లెక్కవేసుకోండి.

మూడో బాణం డబ్బు. "ఇంట్లో చేసుకుంటే పావలాతో పోయేదానికి" అంటారు పాతకాలం వాళ్ళు. ఇంట్లో పావలాతో పోయేది ఎలా పోతోంది? ఆవిడ కూలి లెక్కలో వెయ్యకపోబట్టి పోతోంది! మగవాడి చాయ్ ఇరవై రూపాయలైతే దాని పేరు చేతిఖర్చు. ఆడదాని చాయ్ ఇరవై రూపాయలైతే దాని పేరు దుబారా. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని భయపెడతారు. ఆడవాళ్ళు తరతరాలుగా నిలబడే తిన్నారు కదా, మరి ఆ మిగిలిన కొండలేవీ?

"అయ్యో, మీరు ఏ కాలంలో వున్నారండీ! ఇప్పటి అమ్మాయిలు కాఫీ షాపుల్లో కంప్యూటర్లు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంటున్నారు" అని చెల్లెళ్ళ వయసువాళ్ళు నామీదకి వస్తారు. నిజమే, కూర్చుంటున్నారు. చూస్తే నాకు సంతోషమే. అయితే అక్కడ ఒక్క కాఫీ ధర రెండు వందల పైచిలుకు. కాఫీకి అంత కాదని కాచేవాడికి తెలుసు, తాగేవాళ్ళకి తెలుసు. మిగతాదంతా చల్లటి గాలికి, శుభ్రమైన బాత్‌రూముకి, ఎవరూ ఎగాదిగా చూడకుండా వుండటానికి చెల్లిస్తున్న ధర. అంటే ఆడదానికి బజార్లో గౌరవంగా కూర్చునే చోటు వుంది, కాని దాన్ని కొనుక్కోవాలి. కొనలేని ఆవిడ సంగతేమిటి? నాలుగిళ్ళల్లో పనిచేసి అయిదో ఇంటికి వెళ్తున్న ఆవిడ, ఫీవర్ ఆసుపత్రిలో మనవడిని పడుకోబెట్టి ఫ్లాస్కు పట్టుకుని రోడ్డుమీద నిలబడ్డ అమ్మమ్మ, మహబూబ్‌నగర్ వైపునుంచి రైల్లో వచ్చి కాచిగూడలో దిగిన పల్లెటూరి తల్లి, మెస్సు బిల్లు మిగుల్చుకుంటూ పరీక్షలకి చదివే అమ్మాయి. వీళ్ళెవరూ రెండు వందల కాఫీ తాగలేరు. వీళ్ళకి కావలసింది ఇరవై రూపాయల బల్ల. నేను పోట్లాడుతున్నది ఆ చవక బల్ల కోసం.

కూర్చోవటం కూడా ఒక హక్కా అని ఆశ్చర్యపోకండి. కేరళలో బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు చూపించే ఆడవాళ్ళు, కాళ్ళు వాచిపోతున్నాయి, ఒక స్టూలు వెయ్యండి అని ఏళ్ళతరబడి పోరాడారు. 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చి కూర్చునే సదుపాయం కల్పించాలని రాసింది. 2021లో తమిళనాడు కూడా అదే చట్టం చేసింది. ఒక స్టూలు కోసం శాసనసభలు కదలవలసి వచ్చిందంటే, ఆడదాన్ని నిలబెట్టటం మనకి ఎంత అలవాటైపోయిందో చూడండి.

ఇంకొకరు సౌమ్యంగా సలహా చెబుతారు: "ఎందుకు ఈ గొడవంతా? కర్రీ పాయింటుంది, ఫోను నొక్కితే ఇంటికే తెచ్చి ఇచ్చేవాళ్ళున్నారు." కర్రీ పాయింటుని నేను నిందించను. మధ్యతరగతి ఆడదానికి సగం పొయ్యి ఆర్పిన పుణ్యాత్మురాలది. ఒక కప్పు సాంబారు, ఒక వేపుడు తెచ్చుకుని కుక్కర్లో అన్నం పడేస్తే ఆ పూటకి గండం గడిచినట్టే. కాని తిండి ఇంటికి రావటం వేరు, మనిషి ఇంట్లోంచి బయటికి రావటం వేరు. తెచ్చిన కూర ఎవరు గిన్నెలోకి వంపుతారు? ఎవరు వడ్డిస్తారు? ఎవరు ఆ గిన్నె తోముతారు? పార్సిలు పొట్లంలో అన్నీ కట్టి ఇస్తారు గాని ఆ గంటసేపటి తీరికని కట్టి ఇవ్వరు.

నా వృత్తికి సంబంధించిన కడుపుమంట కూడా ఇక్కడే కక్కేస్తాను. హైదరాబాదులో ఏ కవిగారి జ్ఞాపకాలు తెరిచినా ఇరానీ హోటలు వుంటుంది. ఒకప్పటి ఆబిడ్స్ ఓరియంట్ హోటలు పేరు చెబితే పాతతరం కవులకి, చిత్రకారులకి, పత్రికలవాళ్ళకి కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకుని పద్యాలు చెప్పుకున్నామని, పత్రికలు పెట్టామని, విప్లవాలు లేవదీశామని రాసుకుంటారు. సంతోషం. ఆ బల్లల దగ్గర రచయిత్రులు ఎంతమంది వున్నారు? ఇంట్లో పిల్లలు పడుకున్నాక డైనింగ్ టేబులు తుడిచి, ఆ తడి ఆరకముందే కాగితాలు పరిచి మేము నవలలు రాస్తే, "వీళ్ళవి వంటింటి నవలలు" అని విమర్శకులు తీర్పు చెప్పారు. ఆ తీర్పు కూడా ఏ ఇరానీ హోటల్లోనో కూర్చునే రాసి వుంటారు! వర్జీనియా వుల్ఫ్ అనే ఆంగ్ల రచయిత్రి 1929లో, ఆడది రాయాలంటే సొంత గది, చేతిలో డబ్బు కావాలని పుస్తకమే వేసింది. అందులో ఆవిడ పట్టుకున్న తేడాల్లో భోజనం ఒకటి. మగపిల్లల కాలేజీలో చేపలు, పక్షిమాంసం, ద్రాక్షసారాలతో విందు. ఆడపిల్లల కాలేజీలో ఎండుపళ్ళు, కస్టర్డు, మంచినీళ్ళు. నేను అంత దూరం పోను. గది తరవాత చూద్దాం, ముందు కిటికీ పక్కన ఒక కుర్చీ ఇప్పించండి చాలు.

ఈ రోగం మనకొక్కళ్ళకే పట్టిందనుకోనక్కర్లేదు. న్యూయార్కులో ప్లాజా హోటలువాళ్ళు తమ ఓక్ రూమ్‌లో పగటిపూట భోజనానికి ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, ఇంకొందరు ఆడవాళ్ళు వెళ్ళి కూర్చుంటే వడ్డించటం మానేసి వాళ్ళ ముందున్న బల్ల తీసుకుపోయారట! కొన్ని నెలలకి ఆ నియమమే పోయింది. మన పొరుగున కరాచీలో 2015లో కొంతమంది అమ్మాయిలు రోడ్డుపక్క ధాబాల్లో కూర్చుని చాయ్ తాగుతూ ఫోటోలు తీసుకుని లోకానికి చూపించారు. "గర్ల్స్ ఎట్ ధాబాస్" అని దానికి పేరు పెట్టుకున్నారు. వాళ్ళు చేసిన ఘనకార్యం చాయ్ తాగటం, అంతే. దానికే ధైర్యం కావలసి వచ్చింది. మరోవైపు, మన గోంగూర పచ్చడికి మిరపకాయని పంపిన మెక్సికో దేశంలో ఫోండా అని చవక భోజనశాలలుంటాయి. మధ్యాహ్నం ఒక సూపు, అన్నం, ఒక కూర, పళ్ళరసం కలిపిన నీళ్ళు, మన ప్లేటు మీల్స్ లాంటిదే. వాటిలో చాలావాటిని నడిపేది ఆడవాళ్ళు. వండే మనిషే ముందుకొచ్చి, ఈ పూట ఏముందో చెప్పి వడ్డిస్తుంది. చవక హోటలుకి మగవాసనే వుండాలని ఎక్కడా శిలాశాసనం లేదన్నమాట.

మన దగ్గరా కాలం కదిలింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. బస్సు మెట్టు ఎక్కటానికి ఎవర్నీ చిల్లర అడగనక్కర్లేదు. ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని వెటకారాలు చేసేవాళ్ళు చేశారు. తిరగనివ్వండి! మగవాళ్ళు వెయ్యేళ్ళుగా ఊరికే తిరుగుతున్నారు, దానికి లోకజ్ఞానమని పేరు. నా బాధల్లా ఇదీ: బస్సు దిగాక ఎక్కడ కూర్చుంటుంది? తార్నాకలో దిగిన ఆడదానికి కాళ్ళు నొప్పెడితే గుడి అరుగు, బస్టాపు చట్రం, లేదా ఎవరిదో దుకాణం గడప. ప్రయాణం ఉచితం చేసిన ప్రభుత్వాలు మజిలీ సంగతి మరిచిపోయాయి. దాన్ని ప్రభుత్వం కట్టనక్కర్లేదు కూడా. కట్టి వుంది. "మీల్స్ రెడీ" అని బోర్డు కూడా తగిలించి వుంది.

అందుచేత హోటళ్ళ యజమానులకి నా మనవులు మూడు. ఒకటి, ఆడది ఒక్కతే వస్తే "పార్సిలా?" అని అడగకండి. మగవాడిని అడిగినట్టు "ఏం కావాలి?" అనండి. రెండు, ఫ్యామిలీ రూము వుంచుకోండి, దారి చూపించండి, కాని నెట్టకండి. కిటికీ పక్క బల్ల కావాలంటే ఇవ్వండి. మూడు, అన్నిటికన్నా ముఖ్యమైనది: గడియ పడే తలుపు, నీళ్ళొచ్చే కుళాయి వున్న మరుగుదొడ్డి ఒకటి పెట్టండి. చాలామంది ఆడవాళ్ళు బయట చాయ్ తాగకపోవటానికి కారణం సిగ్గు కాదు, తాగాక ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోవటం. దాహాన్ని పొద్దున్నుంచి సాయంత్రందాకా ఓర్చుకుని ఇంటికి చేరేవాళ్ళు ఇంటింటికీ వున్నారు. అది డాక్టర్లు కూడా హర్షించే ఓర్పు కాదు.

అప్పటికే బల్లల దగ్గర కూర్చుని వున్న అన్నదమ్ములకి ఒక్క మాట. మమ్మల్ని చూసి గబుక్కున లేచి చోటివ్వకండి. చర్చ ఆపి గొంతు సవరించుకోకండి. మా ప్లేట్లోకి చూడకండి. కాస్త జరగండి, చాలు.

ఇక మన ఆడవాళ్ళకి. హోటలుకి వెళ్ళటానికి సాకులు వెతుక్కోకండి. బజారుకొచ్చి అలిసిపోయామని, పిల్లాడు ఏడ్చాడని, గ్యాసు అయిపోయిందని ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. తినాలనిపించింది, తిన్నాం. కూర్చోవాలనిపించింది, కూర్చున్నాం. వేడి చాయ్‌ని గటగటా తాగి పారిపోయి రాకండి, సాసర్లో పోసుకుని నిదానంగా తాగండి. మధ్యలో ఫోను మోగి "ఉప్పు డబ్బా ఎక్కడుంది?" అని ఎవరైనా అడిగితే, ఎక్కడుందో చెప్పండి గాని లేచి రాకండి.

అత్తగారూ, ఈమాటు ఇంట్లో మాటామాటా వచ్చిందనుకోండి, గిన్నెలేం పాపం చేశాయి? చెప్పులేసుకోండి. కాచిగూడ బస్సెక్కండి, టికెట్టు కూడా అక్కర్లేదు. మామగారి పక్క బల్ల ఖాళీగానే వుంటుంది.